కమ్మరి మేర

'విన్‌రార్‌కి డబ్బు కట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి చూద్దాం!' హాస్టల్లో ఇదొక హాస్యం. 1995లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళను కుదించి మూటగడుతుంది. 40 రోజులు ఉచితం. తర్వాత కొనమని అడుగుతుందే గాని గెంటెయ్యదు. అడిగేవాడు మర్యాదస్తుడైతే ఎగ్గొట్టవచ్చునన్నమాట!

మా తాతగారి రోజుల్లో కమ్మరి నాగటి కర్రు సాగగొట్టి అప్పటికప్పుడు డబ్బడిగేవాడు కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని మేర అతనికి పోసేవారు. (అది అతనికి చాలిందా అన్నది వేరే కథ.) అడగలేదు గదా అని ఏ రైతూ ఎగ్గొట్టలేదు.

డబ్బు లేదంటారా? ఒప్పుకుంటాను, స్కాలర్‌షిప్పు పడితే గాని మెస్ బిల్లు కట్టలేనివాళ్ళం. అలాంటప్పుడు ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన సెవెన్-జిప్ ఉంది, పూర్తిగా ఉచితం. రార్ మూటలు విప్పుతుంది కూడా. 2023 నుండి విండోస్ 11 సైతం వాటిని విప్పుతోంది. విప్పుకోవడానికే అయితే ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు.

కాని విన్‌రార్‌లో 'రికవరీ రికార్డు' అని ఒకటుంది. మూట కట్టేటప్పుడే దాన్ని చేరిస్తే, తర్వాత ఫైలు కొంత పాడైనా బాగుచేసుకోవచ్చు. ప్రాజెక్టు డేటా అంతా దాని భరోసాతో దాచుకునేవాడు డబ్బు కట్టడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇక క్రాక్ దింపుకునే తెలివితేటలు! తాళం పగలగొట్టి ఇచ్చినవాడు లోపల ఇంకేం దూర్చాడో ఎవరికెరుక? విన్‌రార్‌లోనే దొంగలు వాడుకుంటున్న కంత ఒకటి బయటపడింది. 2023 ఆగస్టులో 6.23 వెర్షన్‌తో దాన్ని పూడ్చారు. కొననివాళ్ళకీ ఆ మరమ్మతు అందింది. చేసినవాడి కూలి మాత్రం కొన్నవాళ్ళే ఇచ్చారు.