పాత లింకు తెరుచుకోవాలి, కొత్త హంగులు ఆ తర్వాతే

మొదటి ఉద్యోగంలో చేరిన రెండో నెల అనుకుంటా. పాత కోడ్‌లో ఒక వింత ఫంక్షన్ కనిపించింది. దాని పైన ఒకటే కామెంట్: ఎందుకిలా రాశామో ఇక్కడ చూడండి అంటూ ఓ మెయిలింగ్ లిస్ట్ లింకు. నొక్కితే ఏదో సమావేశంలో భోజనాల ఏర్పాట్ల గురించిన ఉత్తరం తెరుచుకుంది! అసలు చర్చ వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. లింకు పెట్టినవాళ్ల తప్పేం లేదు. ఆర్కైవ్‌ను తర్వాత ఎవరో మళ్లీ తయారుచేశారు, నంబర్లు జరిగిపోయాయి.

మెయిల్‌మ్యాన్ 2తో వచ్చే పైపర్‌మెయిల్ తీరే అంత. ఉత్తరాలకు వరసగా నంబర్లు వేసి, ఆ నంబర్లతోనే పేజీలు కడుతుంది. మధ్యలో ఒకటి తీసేసి తిరిగి కడితే, దాని తర్వాతివన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. తీసేయమని అడిగేవాళ్లు ఊరికే అడగరు. సంతకం కింద ఫోన్ నంబర్ పడిపోయి ఉంటుంది, పాపం. 2015లో వచ్చిన మెయిల్‌మ్యాన్ 3కి తోడుగా ఉన్న హైపర్‌కిట్టీ ఈ చిక్కును చాలావరకు విప్పింది. ప్రతి ఉత్తరానికీ ఉండే మెసేజ్ ఐడీ నుంచి లెక్కగట్టిన గుర్తును లింకులో వాడుతుంది. ఆర్కైవ్‌ను ఎన్నిసార్లు కట్టినా ఆ గుర్తు మారదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ముందు ముందు ఏం చేయాలని అడిగితే మనలాంటి కుర్రాళ్ల నోట మొదట వచ్చేది డార్క్ మోడ్, ఈమధ్య అయితే ఏఐ సారాంశం. వద్దనను. కానీ నా జాబితాలో అవి చివర్లో ఉంటాయి. తొలగించిన ఉత్తరం స్థానంలో 'ఇక్కడిది తీసేశాం' అనే ఖాళీ పేజీ మిగలాలి. అంతకన్నా ముఖ్యం, మొత్తం ఆర్కైవ్‌ను ఎవరైనా దించుకోగలగాలి. 2016లో జీమేన్ వెబ్ పేజీలు ఆగిపోయినప్పుడు, వాటిని నమ్ముకుని ఎక్కడెక్కడో పెట్టిన లింకులన్నీ ఒక్కసారిగా చచ్చుబడ్డాయి. పబ్లిక్ ఇన్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉత్తరాలను గిట్‌లో దాస్తుంది. లినక్స్ కెర్నల్ చర్చల ఆర్కైవ్ నడిచేది దానిమీదే. కావాలంటే మీ ల్యాప్‌టాప్‌లోకి క్లోన్ చేసుకోవచ్చు. సర్వర్ ఆగినా కాపీలు ఉంటాయి.

వెతుకులాట మరో పెద్ద పని. 'పుస్తకం' అని టైప్ చేస్తే 'పుస్తకంలో', 'పుస్తకాలకు' అన్నవీ దొరకాలి కదా! ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిన సెర్చ్‌కు మన విభక్తులు తెలియవు. ఇక్కడ తెలుగు తెలిసిన ఇంజినీరు చేయగల పని చాలానే ఉంది.

రెజ్యుమెలో చూపించడానికి ఓపెన్ సోర్స్ పని వెతుకుతున్నారా? మెయిల్‌మ్యాన్ 2కి ఆధారమైన పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే మద్దతు ముగిసింది. అయినా దాన్ని వదలని సంస్థలు ఇంకా ఉన్నాయి. ఏదైనా పాత ఎంబాక్స్ ఫైలు తీసుకుని హైపర్‌కిట్టీలోకి ఎక్కించి చూడండి. తేదీల్లేని ఉత్తరాలు, పాడైన అక్షరాలు, వాక్యం 'ఫ్రమ్' అనే మాటతో మొదలైనందుకు రెండు ముక్కలైన ఉత్తరాలు తగులుతాయి. వాటిలో ఒక్క రకాన్ని పట్టుకుని, ఎందుకు విరిగిందో, ఏ ఉత్తరంతో మళ్లీ చూపించవచ్చో బగ్ రిపోర్టుగా రాసి పంపండి. నా మొదటి ప్యాచ్ ఇలాంటి తేదీ గొడవతోనే మొదలైంది, నాలుగు లైన్లు.