బైక్ చైన్‌కి ఏ ల్యూబ్? బందరు వైపైతే నా ఓటు గేర్ ఆయిల్‌కే!

ఫోన్ కొనేటప్పుడు ఐపీ రేటింగ్ దాకా చూస్తాం. ఉప్పుగాలిలో, బురదలో తిరిగే బైక్ చైన్‌కి మాత్రం షాపులో ఏది ఇస్తే అది కొట్టేస్తాం.

రివ్యూల్లో పొగిడే వ్యాక్స్ స్ప్రే పొడి రోడ్ల మీద నీట్‌గా ఉంటుంది, నిజమే. కానీ మచిలీపట్నం, దివిసీమ వైపు అసలు శత్రువు తుప్పు. అందుకే ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ బెటర్: చవక, రోలర్ల సందుల్లోకి దిగుతుంది. ఎక్కువైతే చిమ్ముతుంది, దుమ్ము పడుతుంది. రాశాక గుడ్డతో తుడిచేయండి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, అందులో ఇనుప రజను ఉంటుంది. ఓ-రింగ్ చైన్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, రబ్బరు సీళ్లు పాడవుతాయి, కిరోసిన్ చాలు.

500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆరాక వెంటనే రాయండి. చైన్ తెగి చక్రం పట్టేస్తే ప్రాణం మీదకొస్తుంది. బ్రాండ్ కన్నా ఈ అలవాటే ముఖ్యం.