వజ్రం ఎవరిది?

తొలకరి కురిస్తే చాలు, వజ్రకరూరు పొలాల్లోకి జనం దిగుతారు. వాన మట్టిని కడిగిన చోట తలవంచుకొని మెరిసే రాయి కోసం వెదుకుతారు. ఆ రాయి ఎవరికి చెందాలి? దొరికినవాడిదని కొందరు, పొలం గలవాడిదని కొందరు, భూగర్భమంతా సర్కారుదేనని మరికొందరు అంటారు. వినడానికి రచ్చబండ కబుర్లు; నిజానికి ఇవి మూడు ఆర్థిక సిద్ధాంతాలు.

సర్వోన్నత న్యాయస్థానంలో నడిచిన వాదమూ దీనికి దూరమైనది కాదు. సమాజపు భౌతిక వనరులు సర్వజనహితానికి పంపిణీ కావాలని రాజ్యాంగం 39(బి) అధికరణం నిర్దేశిస్తుంది. ప్రైవేటు ఆస్తి కూడా ఆ వనరుల్లోకే వస్తుందని 1982లో సంజీవ్ కోక్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి వ్రాశారు. 2013లో జస్టిస్ చలమేశ్వర్, మలబారు భూముల వివాదంలో, ఖనిజాలన్నీ రాజ్యానివేనని ప్రకటించే చట్టమేదీ లేదనీ, సాధారణంగా అవి భూమి హక్కునే అనుసరిస్తాయనీ తీర్పు చెప్పారు. 2024 నవంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తి అంతా సమాజపు వనరు కాదని మెజారిటీతో తేల్చి, 1982 నాటి దృక్పథాన్ని తోసిపుచ్చింది.

మొదటి రెండు తీర్పులు వ్రాసినవారూ తెలుగువారే. అయినా ఆ తీర్పుల సారం తెలుగులో ఎంతమందికి చేరింది? న్యాయమూర్తుల ప్రసంగాలు చాలావరకు నగరాల సభామందిరాల్లో, ఆంగ్లంలో సాగుతాయి. చట్టం సూక్ష్మమైనది, సామాన్యులకు అందదని ఒక సమాధానం వినవస్తుంది. నేను దానిని అంగీకరించలేను. 2009లో కన్నుమూసేవరకు కె. బాలగోపాల్ హక్కులనూ, చట్టాన్నీ, ఆర్థిక విధానాలనూ తెలుగులోనే విప్పి చెప్పారు. శ్రోతలకు అర్థం కాకపోలేదు.

ఇది కేవలం భాషాభిమానపు మాట కాదు. భూమిపై హక్కు వేరు, తవ్వుకొనే అనుమతి వేరు; ఆ అనుమతిని 1957 నాటి గనుల చట్టం నియంత్రిస్తుంది. ఈ తేడా తెలియని కూలీకి చట్టమంటే భయమే మిగులుతుంది. ఆ భయంతో రాయిని గుట్టుగా వర్తకుని చేతిలో పెట్టి, అతడు చెప్పిన ధరే పుచ్చుకొంటాడు. వానలు ముఖం చాటేసే ఈ సీమలో అది ఒక కుటుంబానికి కొన్నేళ్ల జీవనం కావచ్చు.

న్యాయమూర్తులకూ ఆర్థిక దృక్పథాలుంటాయి, కాలంతో మారుతాయి. ఆ మార్పును ప్రశ్నించే హక్కు ప్రజాస్వామ్యంలో పౌరునిది. అర్థం కానిదానిని ప్రశ్నించడమెలా? మలబారు తీర్పు మన రైత్వారీ పట్టాలకు ఎంతవరకు వర్తిస్తుందో ఒక న్యాయకోవిదుడు ఉరవకొండలో, తొలకరికి ముందు, తెలుగులో వివరిస్తే చాలు. రాజ్యాంగంపై అంతకు మించిన స్మారకోపన్యాసం అక్కరలేదు.