వాల్వు మార్చారు, దడను వదిలేశారు

ఆరోగ్యశ్రీ మీద తెలంగాణలో నడిచే వాదనంతా రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుంది: పరిమితి ఎంత, బకాయిలెంత. 2023 డిసెంబరు 9న పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెరిగింది. పెంచినవారు గొప్పగా చెప్పుకున్నారు, కాదన్నవారు ఆస్పత్రుల బిల్లులు లెక్కపెట్టారు. గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత ఎట్లా బతుకుతున్నదన్న ప్రశ్న మాత్రం ఈ గొడవలో వినపడదు. అదే ఆడమనిషైతే, అందులోనూ నెలసరి ఆగిన లేక ఆగబోతున్న వయసులో ఉన్నదైతే, అసలు ఎవరికీ పట్టదు.

దీనికంతటికీ మూలంలో ఉన్న ఒక అంకెను అందరూ దాటేసి పోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి ఎనిమిది మందికి పైగా గర్భసంచి తీసేసి ఉంది. దేశ సగటు మూడు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌దీ మన వరసే. పదిహేనేళ్ళ పిల్లలను కూడా కలుపుకుని తేలిన లెక్క ఇది. నలభై దాటినవారిని మాత్రమే తీసుకుంటే ఎంత పెరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. దేశం మొత్తం మీద ఆ ఆపరేషన్ అయినవారిలో సగం మందికి 34 ఏళ్ళ నాటికే అయిపోయింది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి.

నూటికి ఎనిమిది. ఈ అంకె గురించి ఎప్పుడు మాట్లాడినా డబ్బు గురించే మాట్లాడారు. తెల్లబట్టకూ నడుంనొప్పికీ గర్భసంచి తీసేశారని, దోచుకున్నారని రాశారు. అది నిజమే, రాయాల్సిందే. కానీ గుండె సంగతి ఎవరూ ఎత్తలేదు. మేయో క్లినిక్ వైద్యులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అండాశయాలను ముట్టుకోకుండా గర్భసంచి ఒక్కటే తీసిన స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించారు. 35 ఏళ్ళకో అంతకుముందో ఆ ఆపరేషన్ అయినవారిలో గుండె బలహీనపడే ముప్పు 4.6 రెట్లు, గుండె రక్తనాళాలు పూడుకునే ముప్పు 2.5 రెట్లు కనిపించింది. వాళ్ళ గీత 35 దగ్గర ఉంటే, మన దేశంలో సగం ఆపరేషన్లు 34కే పూర్తయ్యాయి.

ఇప్పుడు రామగుండం ప్రాంతంలోని గోదావరిఖనికి, జ్యోతినగర్‌కు వద్దాం. ఇక్కడ సింగరేణిలోనో ఎన్టీపీసీలోనో పర్మినెంటు కార్మికుడి భార్యకు కంపెనీ ఆస్పత్రి ఉంటుంది, పెద్ద జబ్బయితే హైదరాబాద్‌కు రెఫరల్ ఉంటుంది. బొగ్గు లోడింగులోనో ఎన్టీపీసీ బూడిద పనిలోనో కాంట్రాక్టు కింద ఉన్నవాడి భార్యకు ఆరోగ్యశ్రీకి దారిచ్చే తెల్లకార్డే దిక్కు. ఇద్దరూ గుండె ఆపరేషన్ చేయించుకునేది ఎక్కువగా రెండు వందల కిలోమీటర్ల అవతలే. వారం పది రోజులకు డిశ్చార్జి చేసి, కాగితాలు చేతిలో పెట్టి పంపిస్తారు. దడ మొదలయ్యేది ఇంటికొచ్చాక.

గుండె ఆపరేషన్ తర్వాత లయ తప్పడం అరుదేమీ కాదు. బైపాస్ అయినవారిలో సుమారు మూడో వంతు మందికి, వాల్వు మార్చినవారిలో అంతకన్నా ఎక్కువ మందికి పై గదులు క్రమం లేకుండా వణకడం మొదలవుతుంది. డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనేది దీన్నే. ఎక్కువగా రెండో మూడో రోజున వస్తుంది, చాలామందిలో సర్దుకుంటుంది, కొందరిలో వారాల తర్వాత తిరగబెడుతుంది. లయ తప్పిన గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అమెరికాలో 2002 నుంచి 2016 వరకు గుండె ఆపరేషన్ అయిన 21 వేల మందికి పైగా రోగులను పరిశీలించి 2023లో ఒక అధ్యయనం వెలువడింది. దాని ప్రకారం ఈ లయ తప్పడం ఆడవారిలో మగవారికన్నా కొంచెం తక్కువే. కానీ వచ్చినవారిలో తర్వాతి ఏళ్ళలో మరణ ముప్పు పెరుగుదల మగవారికి 17 శాతం ఉంటే ఆడవారికి 31 శాతం. తక్కువగా వస్తుందన్న మొదటి సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని వదిలేస్తే జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

మన దగ్గర ఈ నష్టానికి ఇంకో దారి ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్ళవాతంగా మారి గుండె కవాటాలను పాడుచేసే జబ్బు ఆడపిల్లలనే ఎక్కువగా పట్టుకుంటుంది. దానివల్ల లయ తప్పినవారి మీద 24 దేశాల్లో జరిగిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో వచ్చింది. అందులోని 4,500 మందికి పైగా రోగుల్లో నూటికి 72 మంది ఆడవారు, సగటు వయసు 50. మన దేశంలో నెలసరి సహజంగా ఆగే వయసు 46 ప్రాంతం. ఈ జబ్బూ ఆ మార్పూ ఒకే మనిషిలో ఒకేసారి కలుస్తున్నాయి.

ఆమెకు ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, ఉన్నట్టుండి దడ. ఇవి ముట్లు ఆగే రోజుల్లోనూ వస్తాయి, లయ తప్పినప్పుడూ వస్తాయి. రామగుండం ఎండల్లో ఆవిర్లన్న మాటకే విలువ లేదు. పైగా గుండె రోగికి నీరు తగ్గించే మాత్రలు నడుస్తుంటాయి. ఆ మాత్రలతో, ఎండ చెమటతో ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోతే లయ తప్పడం మరింత తేలిక. వీధి చివర ఆర్‌ఎంపీ నాడి పట్టుకుని ‘ఆగిపోయే వయసు కదమ్మా, గ్యాస్ కూడా ఉంది’ అని ఒక ఇంజెక్షన్ ఇస్తాడు. ఈసీజీ తీస్తే రెండు నిమిషాల్లో తేలే సంగతి, తీయకపోతే పక్షవాతం వచ్చాక తేలుతుంది.

గర్భసంచి ముందే తీసేసిన మనిషికి ఆ వయసు గుర్తు కూడా ఉండదు. ముట్టు పదేళ్ళ కిందే ఆగింది. అండాశయాలు ఎప్పుడు పని మానేశాయో చెప్పే ఆనవాలు లేదు. గర్భసంచి తీసినవారిలో అవి మామూలుకన్నా ముందే అలసిపోతాయని తెలిసిన విషయమే. నూటికి ఎనిమిది మంది ఇట్లా ఉన్న రాష్ట్రంలో గుండె ఆపరేషన్ కేసు షీటులో బీపీ, షుగరు, సిగరెట్టు అన్నింటికీ గళ్ళుండి, ‘ముట్టు ఏ వయసులో ఆగింది, దానంతట ఆగిందా, ఆపరేషన్‌తోనా’ అన్న ఒక్క గడిని తప్పనిసరి చేయలేదంటే ఏమనాలి?

మరీ బాధపెట్టేది లోహపు వాల్వు పెట్టించుకున్న ఆడవారి సంగతి. వాళ్ళు బతికినంతకాలం రక్తం పల్చబరిచే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర మీద ఉండగా, నలభై దాటాక హార్మోన్లు ఒడుదొడుకులైనప్పుడు, ముట్టు వరదలా పోతుంది. రక్తం తగ్గి ఆయాసం వస్తుంది. అప్పుడు ఆమెకు రెండు దారులే కనిపిస్తాయి. ఒకటి, భయపడి మాత్ర తనే మానేయడం. వాల్వు మీద గడ్డకట్టి బిగుసుకుపోతుంది. రెండోది, గర్భసంచి తీసేయించుకోవడం. దానికోసం మాత్ర ఆపాలి, మళ్ళీ గడ్డ భయమే. గర్భసంచిలో హార్మోన్ లూప్ అమర్చి రక్తస్రావం తగ్గించే మూడో దారి ఉంది. గుండె డాక్టరూ స్త్రీల డాక్టరూ ఒక్కసారి ఫోనులో మాట్లాడుకుంటే తేలే పని. మాట్లాడుకోరు, ఎందుకంటే పథకంలో ఒకరిది ఒక ప్యాకేజీ, మరొకరిది వేరే ప్యాకేజీ.

ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్లకు ఏడాది పాటు ఉచిత ఫాలో-అప్ ఉందని అధికారులు అంటారు. ఉంది. మాత్ర మాత్రం జీవితాంతం. కొత్త రకం మాత్రలకు తరచూ రక్తపరీక్ష అక్కర్లేదు కదా అంటే, కీళ్ళవాత కవాట జబ్బులో పాత మాత్ర వాడినవారిలోనే మరణాలు తక్కువని తేల్చింది పైన చెప్పిన ఇన్విక్టస్ పరిశోధనే. పాత మాత్రకు పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా ఉండాలి. రెండో ఏడాది నుంచి ఆ పరీక్ష ఎవరి బాధ్యత?

ఎదుటి వాదన కూడా ఉంది. సహజంగా ముట్టు ఆగే వయసుకూ లయ తప్పడానికీ సంబంధం లేదని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. 14 లక్షల మంది కొరియా స్త్రీలను చూసిన 2022 అధ్యయనంలో 40కి ముందే ఆగినవారికి పెరిగిన ముప్పు 9 శాతమే. గుండె బలహీనతకైతే 33 శాతం. గర్భసంచి తీసినవారికి ఈస్ట్రోజన్ బిళ్ళలిస్తే లయ తప్పడం తగ్గకపోగా పెరిగిందని అమెరికా పరిశోధనే చూపింది. కాబట్టి అందరికీ హార్మోన్లు పంచమని ఎవరూ అనడం లేదు. అడుగుతున్నది ఒక ప్రశ్న, ఒక ఈసీజీ, ఒక రక్తపరీక్ష. వీటిని వద్దనడానికి ఏ అధ్యయనమూ పనికిరాదు.

రామగుండంలో 2022 నుంచి సింగరేణి వైద్యవిద్యా సంస్థ నడుస్తోంది. కంపెనీ డబ్బుతో వచ్చిన కళాశాల అది. సింగరేణికి ఏరియా ఆస్పత్రి ఉంది, ఎన్టీపీసీకి తన ఆస్పత్రి ఉంది. ఈ మూడూ కలిసి వారంలో ఒకరోజు గుండె ఆపరేషన్ అయిన ఆడవారికి, కార్డు ఏ రంగుదైనా సరే, ఒక క్లినిక్ నడపలేవా? ఈసీజీ మిషనుకు, ఐఎన్‌ఆర్ పరీక్షకు, ఒక స్త్రీల డాక్టరుకు కోట్లేమీ అక్కర్లేదు. పది లక్షల పరిమితి ప్రకటించడానికి వేదిక కావాలి గానీ దీనికి అది కూడా అక్కర్లేదు.

ఇంకా ఘోరమైనది సుప్రీంకోర్టు తీర్పుకు పట్టిన గతి. అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న కోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ, 40 ఏళ్ళ లోపు ఆపరేషన్ల మీద ప్రత్యేక నిఘా అందులోనివే. నూటికి ఎనిమిది మంది ఆడవారికి గర్భసంచి తీసేసిన రాష్ట్రం ఈ పనిలో దేశానికి ముందుండాలి. ఆ తేదీ తర్వాత పెద్దపల్లి జిల్లాలో 40 లోపు ఎంతమందికి గర్భసంచి తీశారు? వారిలో గుండెకు వాల్వు ఉన్నవారెందరు? ఎందరిచేత రక్తం పల్చబరిచే మాత్ర ఆపించారు? ఈ మూడు అంకెలను జిల్లా వైద్యాధికారి బయటపెట్టాలి. కమిటీ ఒక్కసారి కూడా కూర్చోకపోతే, కూర్చోలేదని సంతకం పెట్టి చెప్పాలి.