కెమెరా కంటె ముందు కొనవలసినవి

ఇంటిలో జరుగు సత్యనారాయణవ్రతమును, షష్టిపూర్తిని, పిల్లల తొలి వీణకచేరీని డల్లాసులోను మెల్బోర్నులోను ఉన్న బంధువులు అదే సమయమున చూచునట్లు ప్రత్యక్షప్రసారము చేయుట యిప్పుడు వింత కాదు. 2020లో మహమ్మారి భయమున తలుపులు మూసికొనిన దినములలో గత్యంతరము లేక మొదలైన యీ యలవాటు, తలుపులు తెరచిన పిమ్మటను నిలిచిపోయినది. నిలిచిన యలవాటునకు తగిన సామగ్రి సమకూర్చుకొనవలెనను కోరిక సహజమే. కాని యా కోరిక పుట్టిన మరుక్షణమున గృహస్థుడు దుకాణము మెట్లెక్కి, "ఇది ఫోర్‌కే సార్, పెళ్లిళ్లు తీసేవాళ్లంతా ఇదే పట్టుకెళ్తున్నారు" అను మాటకు లొంగి, అనుకొనిన సొమ్ములో ముప్పాతికవంతును కెమెరాకే ధారపోయుట చూచినపుడు, మన గృహవ్యయములలో ప్రదర్శనకు గల మక్కువ యెంతటిదో తెలియును.

నా మతమున, 50,000 రూపాయలు కేటాయించుకొనిన కుటుంబము కెమెరా నిమిత్తము ఒక్క రూపాయియు వెచ్చింపకుండ నారంభింపవలెను. జేబులోని ఫోను చిత్రమునకు చాలును. చాలదని తేలు వరకు చాలునని నమ్ముటలో నష్టము లేదు. పైగా కెమెరా యేనాడును ఒంటరిగా నింటికి రాదు. దాని చిత్రమును కంప్యూటరునకు చేర్చుటకు క్యాప్చర్ కార్డు వలయును. గంటలకొలది నడుచుటకు బ్యాటరీ చాలదు గనుక గోడనుండి కరెంటు నందించు నకిలీ బ్యాటరీ వలయును. ఇంతయు సమకూర్చిన పిమ్మట, కొన్ని కెమెరాలు వేడెక్కి నడిమధ్యన నిలిచిపోవుటయు, మరికొన్ని తెరమీది గుర్తులనన్నిటిని ప్రసారములోనికి గూడ పంపుటయు కొనిన తరువాతనే బయటపడును.

మొదటి వ్యయము శబ్దమునకు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948లో వెలసిన నాటినుండి తెలుగువారు నాటకములను చెవులతోనే చూచిరి. మసకబొమ్మను సహించు బంధువు సైతము, తెగి తెగి వచ్చు మంత్రమును రెండు నిమిషములు సహింపడు. శబ్దము పుట్టు చోటినుండి దూరము రెండింతలైనచో నేరుగా చేరు ధ్వని తీవ్రత నాలుగవవంతునకు దిగును. పంకా రొదయు, బోసిగోడల ప్రతిధ్వనియు మాత్రము దిగవు. కావుననే గదికి ఆ మూలనుంచిన ఫోనులో పురోహితులవారి కంఠము కంటె వంటయింటి కుక్కరు కూత స్పష్టముగా వినవచ్చును. ఇందుకు మందు వెయ్యిరూపాయల ప్రాంతమున దొరకు తీగగల కాలర్ మైకు. (కాలరే లేని పురోహితునకు దీనిని తగిలించుట యెట్లని నవ్వువారు కలరు, ఉత్తరీయపు అంచునకు తగిలించి, బట్ట దానిపై రాచుకొనకుండ చూచినచో చాలును.) ఫోనునకు గుండ్రని రంధ్రము లేనిచో టైప్-సి మైకునే అడిగి తీసికొనవలెను. గదిలో దళసరి తెరలను దించుట, నేలపై జంపఖానా పరచుట అను ఉపాయములకు ఖర్చేమియు లేదు.

సంగీతము నేర్పువారి కింకొక చిక్కు కలదు. సమావేశములకై నిర్మించిన యాప్‌లు నిరంతరముగా మ్రోగు శబ్దమును రొదగా భావించి తొలగించును. తంబురా శ్రుతియు వాని లెక్కలో పంకా చప్పుడే. శిష్యురాలు దూరదేశమున శ్రుతి లేని పాటను విని, గురువునకు శ్రుతి కుదరలేదని యనుకొనుట యెంతటి యపచారము! రొదను తగ్గించు ఏర్పాటును అమరికలలో ఆపివేసినచో శ్రుతి తిరిగి వినవచ్చును. ఇంతమాత్రము తెలియక వేలు వెచ్చించి కొత్త మైకు కొనువా రున్నారు.

రెండవది తీగ. బ్రాడ్‌బ్యాండు ప్రకటనలలో పెద్ద అక్షరములతో నుండు వేగము సాధారణముగా మనకు వచ్చునది. ప్రసారమునకు వలసినది మననుండి పోవునది, అనగా అప్‌లోడు. 1080పి చిత్రమును సెకనుకు 6 మెగాబిట్ల చొప్పున పంపినచో గంటకు 2.7 గిగాబైట్లు ఖర్చగును. దినమునకు 2 గిగాబైట్ల మొబైలు డేటాను నమ్ముకొనిన యింట ముప్పావుగంట నిండకమునుపే ప్రసారము కుంటువడును, గౌరీపూజ ముగియును గాని జీలకర్రబెల్లము నాటికి అమెరికా బంధువులకు తిరుగుచున్న చక్రము తప్ప వేరొకటి కానరాదు. పంపు వేగమునకు రెండింతల అప్‌లోడు గల ఫైబరు కనెక్షను, కంప్యూటరుతో నడపువారికి రౌటరునుండి నేరుగా తెచ్చిన ఈథర్నెట్ తీగ, కరెంటు పోయినను రౌటరును నడపు చిన్న యూపీఎస్: ఈ మూటిలో నెలసరి చందా తప్ప తక్కిన ఖర్చు కెమెరా దుకాణమున మనమిచ్చు సంచివెల పాటిది. దీపములను గూర్చి పెద్దగా చెప్పవలసినది లేదు. కిటికీని వీపువెనుక గాక ముఖమున కెదురుగా నుంచుకొనిన చాలును.

ధనము గాక కాలమును గూడ పద్దులో వ్రాయవలెను. ఓబీఎస్ స్టూడియో యను ప్రసారతంత్రము ఉచితమే యైనను అభ్యాసము నడుగును. యూట్యూబులో తొలిసారి ప్రత్యక్షప్రసారమునకు అనుమతి లభించుటకు 24 గంటలవరకు పట్టవచ్చును. ఫోనునుండి పంపుటకు చందాదారు లేబదిమంది యుండవలెను. ముహూర్తమునాటి ఉదయమున ఖాతా తెరచువారు ఈ నియమములను ఎంత దూషించినను ఫలముండదు. సన్నాయివారు సినిమాపాట నందుకొన్నపుడు హక్కుదారుల యంత్రము దానిని పసికట్టుటయు, ఆ వీడియో నిలిచిపోవుటయు కలదు గనుక, వారితో ముందే మాట్లాడుకొనుట మేలు.

ఇంత చేసినను కేటాయించిన సొమ్ములో సగమునకు పైగా మిగులును. దానిని బ్యాంకులోనే యుంచి, ఆరు మాసములు ప్రసారములు నడపి, చూచినవారు చిత్రమును గూర్చి తమంతట తాము నసిగినచో, అప్పుడు నచ్చిన కెమెరాను ఒకదినము అద్దెకు తెచ్చి పరీక్షింపవచ్చును. ఏడాదికొక వ్రతము తప్ప వేరు ప్రసారము లేని యిల్లైనచో ఆ యద్దెతోనే సరిపెట్టుకొనుట యుక్తము.