పెట్టుబడికి ముందు పుస్తకశాల

సంతలో కుండ కొనునపుడు వ్రేలితో మీటి, మ్రోత విని, బీట లేదని తెలిసికొనిన పిమ్మటనే గదా మనము వెల యిత్తుము! చింతపండు కొనినను ఒక రెబ్బ త్రుంచి నోట వేసికొని చూతుము. చిన్న వస్తువులకే యింత పరీక్ష చేయు మనము, సంఘమునుండి వడ్డీకి దెచ్చిన వేల రూపాయలను ఒక వ్యాపారమున బెట్టునపుడు మాత్రము "ఫలానివారు బాగుపడినారట" యను ఒక్క మాటనే నమ్ముచున్నాము. లాభము వచ్చినచో సరియే. రానిచో ఆ యప్పు సంఘములోని తక్కిన స్త్రీల మెడకును చుట్టుకొనును. ఒకరి తొందరపాటునకు పదిమంది మాటపడుట యేమి న్యాయము? కావున, ఒక పరిశ్రమను గూర్చి గ్రంథాలయమున నెట్లు విచారింపవలెనో ఈ మాసము ముచ్చటింప దలచితిమి.

ఉదాహరణమును మా ప్రాంతమునుండియే తీసికొందము. మా బచ్చన్నపేట వారికి జిల్లా కేంద్రము జనగామ. ఆ పట్టణమునకు చేరువనే హైదరాబాదు బాటమీద పెంబర్తి యను గ్రామము గలదు. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకును కాచి మెత్తపరచి, లక్క మిశ్రమముపై నిలిపి, గీతలు దిద్ది, ఉలితోను సుత్తితోను కొట్టి బొమ్మను పైకి తేల్తురు. దేవాలయముల తలుపులకు తొడుగులు, ఉత్సవ వాహనములకు కవచములు, గోడ పలకలు వారి చేతి పనులు. కాకతీయుల కాలమునుండి వచ్చిన విద్య యని ప్రతీతి. ఒక సోదరి ఈ పలకలను తెప్పించి పట్టణమున అమ్మదలచినది యనుకొందము. ఆమె తెలిసికొనవలసినవి నాలుగు: ఈ పని స్వరూప మేమి? ఎందరు చేయుచున్నారు? ముడిసరకు వెల యెవరి చేతిలో నున్నది? పోటీ యెచ్చటినుండి వచ్చును?

గ్రంథాలయమునకు పోవుటకు సంకోచ మెందులకు? మన యింటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్నును కట్టుచునే యున్నాము. తలుపు తీయించుటకు రుసుము ముందే చెల్లించినవారము. లోనికి పోకుండుటే నష్టము. మన దేశమున గ్రంథాలయము పరాయిది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయమును మన పెద్దలు స్థాపించిరి. అంతకు ముందే 1891లో అసఫియా గ్రంథాలయముగా వెలసినది నేడు అఫ్జల్‌గంజ్ లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము. డ్యూయీ సంఖ్యల వరుసను పుస్తకములు సర్దిన చోట 338 వద్ద పరిశ్రమలు, 739 వద్ద లోహశిల్పము, 382 వద్ద విదేశ వాణిజ్యము దొరకును. ఈ మూడు సంఖ్యలను చీటీపై వ్రాసికొని పోయినచో, అడుగుటకు బిడియపడు వారికిని దారి తెలియును.

మొదటి ప్రశ్నకు వర్ణన గ్రంథములు సాక్ష్యము చెప్పును. 1961 జనాభా లెక్కల సందర్భమున ప్రభుత్వము వారు ఎన్నుకొన్న చేతిపనులపై ప్రత్యేక సంపుటములు వెలువరించిరి. ఆంధ్రప్రదేశమునకు సంబంధించినవియు గలవు. ఇది పాత సాక్ష్యము. క్రొత్త సాక్ష్యము భౌగోళిక గుర్తింపు పత్రికలలో నున్నది. 1999లో చేసిన చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలునకు వచ్చినది; ఆ గుర్తింపుల కార్యాలయము చెన్నపట్టణమున నున్నది. పెంబర్తి లోహశిల్పమును ఆ గుర్తింపు పొందినదే. ఇట్టి దరఖాస్తులో సరకు పేరు, చేయు ప్రాంతపు ఎల్లలు, చేయు విధానము వివరింపబడి యుండును. మన సోదరి దానిని చదివినచో, ఏది పెంబర్తి పనియో, ఏది యంత్రముతో అచ్చు గొట్టి ఆ పేరు తగిలించినదో పోల్చుకొన గలదు. కల్తీ సరకును తెలియక యమ్మి పేరు చెడగొట్టుకొను గతి పట్టదు.

రెండవ ప్రశ్న లెక్కకు సంబంధించినది. ఇచ్చట మిక్కిలి మెలకువ కావలెను. ప్రభుత్వము ప్రతివత్సరము వెలువరించు కర్మాగారముల సర్వే ముఖ్యముగా, విద్యుచ్ఛక్తితో నడుచు చోట 10 మందికి, అది లేని చోట 20 మందికి తక్కువ గాక పనివారు గల నమోదైన కర్మాగారములనే లెక్కించును. ఇంటి వసారాలో తండ్రి కొడుకులు చేయు పని దానిలో కనబడదు. ఆ పుస్తకము మాత్రమే చూచినవారు "ఈ పని యంతరించినది కాబోలు" నని భ్రమపడుదురు. నమోదు లేని చిన్న సంస్థలకు వేరొక సర్వే గలదు. 2015-16లో నొకమారు జరిగినది, 2021-22 నుండి ప్రత్యేకముగా జరుగుచున్నది. కావున ఏ యంకె చూచినను రెండు మాటలు అడుగవలెను: ఎవరిని లెక్కించినారు? ఎవరిని విడిచినారు?

ఈ ప్రశ్న మనకు, అనగా స్త్రీలకు, మరింత ముఖ్యము. చేనేతను చూడుడు. మగ్గముపై కూర్చున్నవానినే నేతగాడనుట లోకాచారము. నూలు తోడి కండెలు చుట్టు ఇల్లాలిని ఎవరును పనివారిలో చేర్చరు. కాని 2019-20 నాటి నాలుగవ చేనేత గణన ఆ అనుబంధ పనులను గూడ లెక్కించినది. దేశమున 35.22 లక్షల మంది నేతపనివారని తేలగా, వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే! లెక్క యడిగిన తీరు మారినచో పరిశ్రమ ముఖమే మారును. మన సోదరియు తన వ్యాపారపు లెక్కలో తాను సరకు తుడిచి, కట్టలు గట్టి, ఉత్తరములు వ్రాసిన గంటలకు కూలి వేసికొనవలెను. వేయనిచో లాభ మని తోచునది తన చెమటయే.

మూడవది వెల. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసినది. సాధారణముగా మూడింట రెండు వంతులు రాగి యుండును. రాగి వెలకు ప్రపంచమంతయు లండను లోహ విపణి వైపు చూచును. అది 1877లో స్థాపింపబడినది. అచ్చట రాగి వెల హెచ్చిన, కొన్నాళ్లకే జనగామ దుకాణమున రేకు వెల హెచ్చును. వాణిజ్య పత్రికలలో ఆ వెలలు అచ్చగును. గడచిన పండ్రెండు నెలల వెలలను కాగితముపై వరుసగా వ్రాసికొనిన చాలు, హెచ్చుతగ్గులు కన్నులకు గట్టును. ఒక పలకకు రేకు ఖర్చు 600 రూపాయలు, కూలి 900 రూపాయలు అనుకొందము. రేకు నూటికి పది హెచ్చిన 60 రూపాయలు అధికమగును. అమ్ముడు వెలయు మన లాభమును మార్చకున్నచో ఆ 60 రూపాయలు ఎచ్చటినుండి పోవును? శిల్పి కూలినుండియే! వెలల పట్టిక చదువనివారు తెలియకయే పరుల కడుపు కొట్టుదురు.

నాలుగవది పోటీ. ప్రతి సరకునకు వాణిజ్య సంఖ్య గలదు. 0.15 మిల్లీమీటరుకు మించిన మందము గల ఇత్తడి రేకు 7409 క్రిందికి, బంగారు వెండి గాని లోహములతో చేసిన ప్రతిమలు, అలంకార వస్తువులు 8306 క్రిందికి వచ్చును. ఆ సంఖ్యను బట్టి ఏ దేశమునకు ఎంత సరకు పోయినదో, ఏ దేశమునుండి ఎంత వచ్చినదో కేంద్ర ప్రభుత్వ వాణిజ్య గణాంకములలో చూడవచ్చును. అయితే ఆ సంఖ్య గ్రామము పేరు చెప్పదు. ఉత్తరప్రదేశములోని మొరాదాబాదు ఇత్తడియు పెంబర్తి ఇత్తడియు ఒకే గంపలో పడును. ఎగుమతి హెచ్చిన యంతమాత్రమున పెంబర్తికి గిరాకి హెచ్చినదని తలపరాదు.

ఇంతయు చదివినను పని సగమే యైనది. పుస్తకము చెప్పని దానిని పనివారే చెప్పవలెను. వ్యాస భారతము సభాపర్వమున నారదుడు ధర్మరాజును పరిపాలన విషయములు ప్రశ్నించుచు, శిల్పులందరికి నాలుగు నెలలకు సరిపడు ద్రవ్యమును పనిముట్లును ఇచ్చుచున్నావా యని యడిగెను. నేటికిని చేతిపనులకు ప్రాణమైన ప్రశ్న అదియే. రేకునకు ముందు సొమ్ము ఎవరు పెట్టుదురు? అమ్ముడైన సొమ్ము ఎన్నాళ్లకు చేతికి వచ్చును? ఆ నడుమ వడ్డీ యెవరు మోయుదురు? ఈ మూడింటిని పెంబర్తి పోయి, పనివారి యెదుట కూర్చుండి, మర్యాదతో అడుగవలెను. చదివి పోయినవారి ప్రశ్న వేరు, ఊరక పోయినవారి ప్రశ్న వేరు. పనివారు ఆ భేదమును ఇట్టే కనిపెట్టుదురు.

సోదరీమణులు ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీసికొనుడు. మొదటి గడిలో ప్రశ్న, రెండవ గడిలో దొరికిన సమాధానము, మూడవ గడిలో అది ఏ వత్సరపు లెక్క, నాలుగవ గడిలో ఆ లెక్క యెవరిని విడిచినది. మూడవ గడి ఖాళీగా నున్న సమాధానమును సంఘపు సమావేశమున చదువకుడు. పుస్తకపు మాటయు పనివారి మాటయు పొసగని చోట, పొసగనంత వరకు, సంతకము పెట్టకుడు. ఒక నెల యాలస్యమైనంత మాత్రమున మంచి వ్యాపారము పారిపోదు. వడ్డీ మాత్రము సంతకము చేసిన నాటినుండియే పెరుగ నారంభించును.