కంటిలోని పాప

చార్మినారు చుట్టుపట్ల సందులలో ఒక యింట తెలుగు, ప్రక్కయింట ఉర్దూ వినవచ్చును. ఆ రెండిండ్ల బిడ్డలును బడిలో ఇంగ్లీషు చదువుదురు. పాఠమున నొక పలుకుబడి అడ్డు తగిలినపుడు, "నాకు ఇంగ్లీషు రాదు, నాన్నగారు వచ్చిన పిదప అడుగుము" అని తల్లి తప్పుకొనుట మన మెరిగినదే. అట్లు తప్పుకొన నక్కర లేదని చూపుటకై ఈ నెల కంటిని గూర్చిన పలుకుబడులు కొన్ని తీసికొంటిమి.

కంటి నడుమ నున్న నల్లని గుండ్రని భాగమును మనము పాప యందుము. ఉర్దూవారు పుత్లీ, అనగా బొమ్మ, అందురు. సంస్కృతమున కనీనిక యను మాటయు చిన్న వయసును దెలుపు మాటనుండియే పుట్టినది. ఇంగ్లీషున ప్యూపిల్ అనునది చిన్నపిల్ల, బొమ్మ అను అర్థములు గల లాటిను మాటనుండి వచ్చినది. ఇన్ని భాషలకు ఒకే తలపు ఎట్లు తోచినది? బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని దాని కన్నులలోనికి చూడుడు. మీ రూపమే చిన్న బొమ్మయై అందు కానవచ్చును.

ఆ పాప గట్టి ఉండ వంటిదని పూర్వము ఇంగ్లీషువారు తలచి, దానిని కంటి ఆపిలుపండు అనిరి. 1611లో వెలువడిన బైబిలు అనువాదమునను ఆ మాట కలదు. "ఆపిల్ ఆఫ్ ది ఐ" అనగా నేడు ప్రాణసమానమైన బిడ్డ యని అర్థము. ఉర్దూలో "ఆంఖ్ కా తారా", మన యింట "కంటి వెలుగు" అదియే. కండ్లలో దుమ్ము కొట్టుట యన్నచో మూడు భాషలలోను మోసగించుటయే.

"టర్న్ ఎ బ్లైండ్ ఐ" అనగా చూచియు చూడనట్లుండుట. నెల్సను అను ఆంగ్ల నౌకాసేనానికి 1794లో కాల్వి ముట్టడియందు కుడికంటి చూపు పోయెను. 1801లో కోపెన్‌హేగను యుద్ధమున, పోరు విరమింపుమని పై అధికారి జెండాలతో సంకేత మీయగా, నెల్సను దుర్భిణిని ఆ కంటికే ఆనించి, తనకేమియు కనబడలేదనెనని చెప్పుదురు.

బిడ్డ ప్రశ్నకు మనమట్టి కన్ను చూపరాదు. "దీనికి మన యింట ఏమందుము?" అని ముందు అడుగుడు. తోచనిచో ప్రక్కయింటి యమ్మను పిలువుడు. ఇరువురు తల్లులకు తెలిసిన మాటలలో బిడ్డ పాఠము సగము కలదు.